చిన్ననాటి కార్టూన్లను మళ్లీ కొత్తగా తీయడం న్యాయమేనా?

బైరాగిపట్టెడ, తిరుపతి:
1987లో మొదలైన డిస్నీ వారి బాతుల కార్టూన్ సీరియల్ 'డక్‌టేల్స్'ను మా తరం 1990లలో దూరదర్శన్‌లో, హిందీలో చూసింది. 2017లో అదే పేరుతో కొత్త సీరియల్ వచ్చినప్పుడు మారిన బొమ్మలను, గొంతులను చూసి పాత అభిమానులు కొందరు పెదవి విరిచారు. నాదీ అదే అభిప్రాయం. కొత్త కథ చెప్పదలచినవారు కొత్త పాత్రలను పుట్టించుకోవాలి గాని, పాత పేరుకున్న ఆదరణనే పెట్టుబడిగా పెట్టడం న్యాయం కాదు. కాదనేవారు కారణాలతో రాయగలరు.

కొర్లగుంట, తిరుపతి:
కాదనే అంటానండీ. పాత 'డక్‌టేల్స్'లో డొనాల్డ్ అనే బాతు నౌకాదళంలో చేరుతూ ముగ్గురు మేనల్లుళ్లను తన మేనమామ, కోటీశ్వరుడైన స్క్రూజ్ ఇంట్లో వదిలి వెళ్తాడు. వాళ్ల తల్లి ఏమైందన్నది ఆ సీరియల్ పట్టించుకోలేదు. కొత్తది సరిగ్గా ఆ ప్రశ్ననే పట్టుకుని, రాకెట్‌లో వెళ్లి ఆచూకీ లేకుండా పోయిన తల్లి డెల్లాను కథలోకి తెచ్చింది. ఒకే అచ్చులో పోసినట్టుండే ఆ పిల్లలకు వేర్వేరు స్వభావాలు, వేర్వేరు గొంతులు ఇచ్చింది. దీన్ని పాత పేరు అమ్ముకోవడం అనగలమా? బొమ్మల గీత మారిందని కోపగించేవారు తరచుగా కథ చూడకముందే తీర్పు చెబుతారు. 2018లో 'షీ-రా' అనే వీరనారి కార్టూన్‌ను కొత్తగా తీస్తూ బొమ్మలు బయటపెట్టగానే, ఒక్క ఎపిసోడ్ కూడా రాకముందే, నాయిక 1985 నాటి అందంతో లేదని రభస చేశారు. ఆ సీరియల్ 2020 వరకు ఐదు సీజన్లు నడిచింది.

బైరాగిపట్టెడ:
మీకు అనుకూలమైన ఉదాహరణలే ఎంచుకున్నారు. 2016లో మళ్లీ తీసిన 'పవర్‌పఫ్ గర్ల్స్' కార్టూన్‌లో 1998 సీరియల్ సృష్టికర్త క్రెయిగ్ మెక్‌క్రాకెన్ లేరు. ముగ్గురు అక్కచెల్లెళ్లకు గొంతు ఇచ్చిన నటీమణులనూ మార్చేశారు. అదే 2024లో 'ఎక్స్-మెన్ 97' అనే సూపర్‌హీరోల కార్టూన్ పాత సీరియల్ కథ ఆగినచోటి నుంచే, పాత నటులలో పలువురితోనే సాగింది, అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు. వారి కోపం మార్పు మీద కాదు, పాతవారిని పక్కకు నెట్టడం మీద.

నగరి:
మీరిద్దరూ అమెరికా అభిమానుల తగవును అరువు తెచ్చుకున్నట్టున్నారు. ఆ నటీమణుల గొంతును మనలో ఎందరు విన్నారు? మా ఊళ్లో పిల్లలు చుట్టి టీవీలో తమిళంలో చూశారు. 2009లో ఖుషీ టీవీ వచ్చాక అవే కార్టూన్లను తెలుగులో చూశారు. (మా ఇంట్లో ఏ భాషలో పెట్టాలన్నది రోజూ పంచాయితీయే.) మన జ్ఞాపకంలో ఉన్న గొంతులు డబ్బింగ్ కళాకారులవి, వారి పేర్లు కూడా మనకు తెలియవు. ఇలా మళ్లీ కొత్తగా తీసిన సీరియల్‌కు (రీబూట్‌కు) తెలుగు డబ్బింగ్ ఉందా, ఉంటే పాత గొంతులనే పిలిచారా అన్నది మనం అడగవలసిన ప్రశ్న.

కొర్లగుంట:
నగరి వారి మాట సమంజసమే. పైగా దూరదర్శన్‌లో హిందీ సగమే అర్థమై, మిగతా కథను మనమే కల్పించుకున్నాం. సగం మనం అల్లుకున్న కథకు మూలం చెడిపోయిందని ఎవరి మీద ఫిర్యాదు చేయగలం?

బైరాగిపట్టెడ:
మీరు చెప్పినదే నా వాదానికి బలం. మాట అర్థం కానివాడు బొమ్మను పట్టుకునే కథ నడిపించుకున్నాడు. స్క్రూజ్ నడక, కళ్లద్దాలు, నాణేల గుట్టలోకి దూకే తీరు, ఇవే అతనికి మిగిలిన సీరియల్. సంభాషణలు తెలిసిన అమెరికా ప్రేక్షకుడికి గీత మారినా కథ మిగులుతుంది, మనకు అదీ మిగలదు. డెల్లా కథ ఎంత బాగున్నా, దాన్ని ఆ పేరుతో, ఆ ముఖాలను మార్చి చెప్పడానికి నేను ఒప్పుకోను.