ఎస్ తర్వాత ఆ నిలువు గీత ఏంటి? మొహం చూసి టంకశాల చెప్పొచ్చా?

చిలుముపిచ్చి:
అందరికీ నమస్తే. ఆర్నెల్ల నుంచి నాలుగో శతాబ్దపు రోమన్ కంచు నాణేలు పోగేస్తున్నాను. బంగారం, వెండి కొనే స్తోమత లేక ఇటు వచ్చాను, దాచుకోవడమెందుకు. ఇప్పుడు ఒకే రకం నాలుగున్నాయి: బొరుసు మీద ఇద్దరు సైనికులు ఎదురెదురుగా, మధ్యలో రెండు జెండాలు, చుట్టూ ‘గ్లోరియా ఎక్సెర్సిటస్’, అంటే సైన్యపు కీర్తి అని. బొమ్మ వైపు నాలుగింటి మీదా రెండో కాన్‌స్టాంటైనే, అంటే కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కొడుకు, సీజర్‌గా, అంటే చిన్న చక్రవర్తి హోదాలో, ఉన్నప్పటివి. మూడింటి అడుగున ఏ ఊరి టంకశాలో చెప్పే అక్షరాలు తేటగా ఉన్నాయి, ఒకటి ట్రియర్, ఒకటి సిస్కియా, ఒకటి ఆంటియోక్. గొడవంతా నాలుగోదానితోనే. సి-ఓ-ఎన్-ఎస్ దాకా చదవగలుగుతున్నా, ఎస్ తర్వాత ఒక నిలువు గీత ఉంది, దాని తల చిలుము కింద మునిగిపోయింది. సి ముందు ఏమైనా ఉండేదో లేదో చెప్పలేను, సరిగ్గా అక్కడే బిళ్ళ అంచు విరిగింది. 17 మిల్లీమీటర్లు, 2.4 గ్రాములు.

ఇంకో సంగతి. నాలుగూ ఒకే కుర్రాడివి అంటే నమ్మబుద్ధి కావట్లేదు. ట్రియర్‌లో ఇప్పుడే తల దువ్వుకుని వచ్చినట్టున్నాడు, సిస్కియాలో మెడ సాగింది, ఆంటియోక్‌లో కన్ను మొహంలో సగం ఉంది. నాలుగోవాడు ట్రియర్ వాడికి తమ్ముడిలా ఉన్నాడు. ఈ పోలిక పట్టుకుని ఇది సామ్రాజ్యంలో పశ్చిమం వైపుది, అంటే గాల్‌లోని (ఇప్పటి ఫ్రాన్స్) ఆర్ల్ అని రాసేసుకోవచ్చా, లేక కాన్‌స్టాంటినోపులేనా?

పాతకాసు:
మొహం సంగతి తర్వాత చూద్దాం బ్రదర్, ముందు అక్షరాలు చూడు. 328 ప్రాంతంలో ఆర్ల్ ఊరికి కాన్‌స్టాంటినా అని పేరు మార్చారు, అందుకే ఈ రెండు ఊళ్ల గుర్తులతో కొత్తవాళ్లందరికీ తికమక. తేడా ఏంటంటే, ఆర్ల్‌లో టంకశాలలోని ఏ వర్క్‌షాప్ కొట్టిందో చెప్పే అక్షరం ముందు వస్తుంది, పి గానీ ఎస్ గానీ, తర్వాత సి-ఓ-ఎన్-ఎస్-టి. కాన్‌స్టాంటినోపుల్‌లో సి-ఓ-ఎన్-ఎస్ అయ్యాక చివర్లో గ్రీకు అక్షరం, ఆల్ఫా, బీటా, గామా అలా పదకొండు దాకా వెళ్తుంది.

కాబట్టి నీ నిలువు గీత టి కావచ్చు, గామా కావచ్చు, పది అంకెగా వాడే అయోటా కూడా కావచ్చు. టి అయితే పైన అడ్డగీత రెండు వైపులా సాగుతుంది, గామాకి కుడివైపే, అయోటాకి అసలు ఉండదు. ఆ చిలుము కింద ఉన్న అర మిల్లీమీటరే నీ జవాబు.

చిలుము తీసేలోపు ఇంకో చిట్కా. ఆర్ల్ గుర్తులో ఆరు అక్షరాలు, అంటే మధ్య భాగం ఓకీ ఎన్‌కీ నడుమ పడుతుంది. కాన్‌స్టాంటినోపుల్‌లో చివర ఒక్క అక్షరమే ఉంటే మొత్తం ఐదు, మధ్యలో ఎన్ కూర్చుంటుంది. జెండా కర్రలు రెండూ దిగే చోటికి సూటిగా కింద ఏముందో చూడు. అచ్చు చెక్కేవాడు స్కేలు పెట్టి కొలవడు, కాబట్టి దీన్ని తీర్పు అనుకోకు, సాక్ష్యం అనుకో.

రాగిరేకు:
చిలుము తీయమనేసరికి గుండె ఆగింది. దయచేసి ఇత్తడి బ్రష్ ముట్టుకోకండి. నేను మొదట్లో ఒక అమ్మకందారు మాట విని సిస్కియా నాణెం ఒకటి రెండు నిమిషాలు రుద్దాను. పచ్చపొర పోయి ఎర్రగా, తోలు ఒలిచినట్టు తేలింది, దాంతోపాటు అక్షరాల పక్కనున్న చుక్కలు కూడా పోయాయి. సిస్కియాలో చుక్కలున్న సిరీస్ వేరు, లేనిది వేరు అండీ, అంటే ఉన్న ఒక్క ఆధారాన్ని నా చేత్తో నేనే చెరిపేశాను. నిమ్మరసం, వెనిగర్ అసలే వద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, మెత్తబడ్డాక వెదురుపుల్లతో భూతద్దం కింద కొంచెం కొంచెంగా గీకండి. పొడిపొడిగా రాలే లేత ఆకుపచ్చ కనిపిస్తే మాత్రం అది మామూలు చిలుము కాదు, కంచును తినేసే రోగం, ఆ నాణేన్ని మిగతావాటి పక్కన పెట్టొద్దు.

భూతద్దం:
చిలుముపిచ్చి గారూ, మీ ప్రశ్నలో రెండో సగం నాకు బాగా ఇష్టమైనది, అందుకే కాస్త పొడుగు రాస్తున్నా.

శైలి అనేది ఉంది, కానీ అది టంకశాల ఆస్తి అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. ఒక టంకశాలలో నలుగురైదుగురు చెక్కేవాళ్లుండొచ్చు, వాళ్లలో ఒకడు గురువు, ఒకడు నిన్న చేరినవాడు. పైగా మనుషులు ఊళ్లు మారతారు. ఇటలీలోని టికినం టంకశాల 326 ప్రాంతంలో మూతపడ్డాక అక్కడి పనివాళ్లు కాన్‌స్టాంటినోపుల్‌కి వెళ్లారని పండితులు అంటారు. అదే నిజమైతే, తూర్పున కొత్తగా పెట్టిన టంకశాలలో ఇటలీ చెయ్యి కనిపించడంలో వింతేముంది? మీ నాలుగోవాడు ట్రియర్ వాడికి తమ్ముడిలా ఉన్నంత మాత్రాన పశ్చిమం అనలేకపోవడానికి ఇదొక్కటి చాలు.

ఇక మొహం పోలికను అన్నివేళలా నమ్మలేం. డయోక్లీషియన్ చక్రవర్తి కాలపు ఫోలిస్‌లు, అంటే పెద్ద కంచు నాణేలు, చూడండి, 294 తర్వాతవి, పేరు చదవకపోతే ఆయనెవరో ఆయన తోటి చక్రవర్తి మాక్సిమియన్ ఎవరో తేలదు, ఇద్దరికీ అదే చదరపు తల, అదే గడ్డం, అదే మెడ. అందరూ ఒకటే అని చూపించడమే అక్కడ రాజకీయం. తర్వాత ఇంకో చక్రవర్తి మాక్సిమినస్ దయా చేతిలో ఉన్న తూర్పు టంకశాలలు కాన్‌స్టాంటైన్ పేరు మీద నాణేలు కొట్టినప్పుడు మొహం మాత్రం చాలాసార్లు వాళ్లకి అలవాటైన దయా మొహమే పడింది. కాబట్టి ‘ఇది ఎవరిలా ఉంది’ అనేది వదిలేసి, ‘దీన్ని ఎలా చెక్కారు’ అని చూడాలి.

నేను చూసేవి చిన్న చిన్నవి. తలపట్టీ ముడి చివరలు మెడ మీద ఎటు వాలాయి, జుట్టు గీతలా గుండ్లా, ఎన్ అక్షరం ఏటవాలు గీత ఎక్కడ మొదలవుతుంది, సైనికుడి డాలు నేలకి ఆనిందా గాల్లో ఉందా, మోకాలు వంగిందా. ముక్కు, గడ్డం మాత్రం అన్నిటికన్నా ఆఖర్న చూస్తాను, ఎందుకంటే ముందు అరిగేవి అవే. అదీ ఒకే రకం, ఒకే వ్యక్తి, ఒకే ఏళ్లవి పక్కపక్కన పెట్టి. మీరు తెలిసో తెలియకో సరిగ్గా అదే చేశారు, నాలుగూ రెండు జెండాలవే, అంటే 330 నుంచి 335 లోపువి. ఆ తర్వాత బరువు తగ్గించి ఒక్క జెండా పెట్టారు, బిళ్ళ చిన్నదయ్యేసరికి చెక్కడం కూడా ఇరుకైపోయింది, ఆ రెండింటినీ కలిపి పోలిస్తే తేడా టంకశాలదో బిళ్ళదో తెలియదు.

అన్నట్టు, గాల్, బ్రిటన్ వైపు ఈ రకానికి అప్పట్లోనే దొంగ నకళ్లు కుప్పలుగా వచ్చాయి, చాలావరకు ట్రియర్ గుర్తుతో. వింత మొహం కనిపించగానే కొత్త శైలి దొరికిందని గంతులేసి, తీరా తూకం వేస్తే గ్రాము కూడా లేని అనుభవం నాది. మీది 2.4 కాబట్టి ఆ టెన్షన్ అక్కర్లేదు.

చిలుముపిచ్చి:
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా. రాగిరేకు గారు చెప్పినట్టే నానబెట్టాను, నీళ్లు రోజూ మార్చాను, బ్రష్ ముట్టుకోలేదు, ఒట్టు. నిన్న రాత్రి టార్చ్‌లైట్ పక్కనుంచి వాలుగా కొట్టి, పుల్లతో గంటన్నర కూర్చున్నా. అడ్డగీత ఉంది, ఎడమ వైపుకి కూడా! కుడి వైపు బాగా లోతు, ఎడమ వైపు వెంట్రుకంత. మొదట గామా అనుకుని లేచిపోబోయాను కూడా. కర్రల కింద చూస్తే ఓకీ ఎన్‌కీ మధ్య సందు దాదాపు సూటిగా పడింది. మరి ముందున్నది పి నా ఎస్ నా ఎలా తెలుస్తుంది?

పాతకాసు:
తెలియదు. ఆ ముక్క అంచుతోపాటే పోయింది. కవర్ మీద ‘ఆర్ల్’ అని రాసి ముందు అక్షరం చోటు ఖాళీగా వదిలెయ్. ఈ సిరీస్‌కి అక్కడ ఉన్నవి రెండే వర్క్‌షాపులు. అదే అచ్చుతో కొట్టిన ఇంకో నాణెం ఫోటో ఎప్పుడైనా కంటపడితే అప్పుడు నింపుకో.

భూతద్దం:
ఈలోపు ఆ తలపట్టీ ముడి క్లోజప్ ఒకటి పెట్టండి, నా దగ్గరున్న ఆర్ల్ రెండింటి పక్కన పెట్టి చూస్తాను.