పాత ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ వేయాలి, కానీ అను ఫాంట్లు పోకూడదు. ఎట్టా?

కావలి (అడిగినవారు):
నమస్కారం అన్నా. కావలిలో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. ల్యాప్‌టాప్ 2014లో కొన్నది. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున షట్టర్ ఎత్తి స్విచ్ వేసి, పక్క బంకులో టీ తాగి వచ్చినా తెర మీద చుక్కలు తిరుగుతూనే ఉంటాయి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతం. పెళ్లి కార్డు ప్రూఫ్ కోసం వచ్చినాయన ఎదురుగా కూర్చుంటే ఒకటే టెన్షన్.

ఒక షాపులో ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డ్రైవ్) గురించి అడిగితే, విండోస్ కొత్తగా ఎక్కిస్తాం, పాతవన్నీ పోతాయి అన్నారు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపు చేసే అను ఫాంట్లు, పదేళ్ల డిజైన్లు అన్నీ దీంట్లోనే ఉన్నాయి. సీడీలు ఏ అటక మీద ఉన్నాయో తెలియదు. ఉన్నది ఉన్నట్టు కొత్త డ్రైవ్‌లోకి మార్చుకోవచ్చా? ఇప్పటికి 210 జీబీ నిండింది. 240 జీబీది సరిపోతుందా?

చీమకుర్తి:
240 వద్దు సార్. కొన్నాక విండోస్‌లో 223 అనే కనిపిస్తుంది, అందులో మీది 210. మొదటి రోజే నిండుకుండ. మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో పాత ల్యాప్‌టాప్‌కి వేయించాం, ఇప్పుడు బాగా నడుస్తోంది. ఇంకోమాట, వెనక మూత తీసినప్పుడే ఫ్యాన్ కూడా శుభ్రం చేయండి. మా దాంట్లో దుమ్ము దుప్పటి ముక్కలాగా వచ్చింది. మా ఊరి దుమ్ము సంగతి మీకు తెలిసిందే.

ఒంగోలు (సర్వీస్ పని చేస్తాను):
తమ్ముడూ, మార్చుకోవచ్చు. దాన్నే క్లోనింగ్ అంటారు. నీ ల్యాప్‌టాప్ వయసును బట్టి చూస్తే రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్ చోట్లోనే కూర్చునే రకం) పడుతుంది. ఎం.2 అని చూయింగ్ గమ్ పట్టీలాగా ఉండేది షాపులో అంటగడితే తీసుకోవద్దు, ఆ కాలపు వాటిలో చాలావాటికి దానికి చోటే ఉండదు. ఎస్‌ఎస్‌డీ మందం 7 మిల్లీమీటర్లు. నీ పాత డిస్క్ 9.5 ఉంటే కొత్తది కాస్త వదులుగా కూర్చుంటుంది. కొన్నింటితో పాటు ప్లాస్టిక్ చట్రం ఇస్తారు, అది అంటిస్తే సరి.

సైజు దగ్గర ఒక మెలిక ఉంది. 480 జీబీది కాస్త చౌకని తెచ్చుకుంటారు. కానీ అది నీ 500 డిస్క్ కంటే చిన్నది. క్లోనెజిల్లా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పెద్ద డిస్క్ నుంచి చిన్న డిస్క్‌కి మామూలుగా ఒప్పుకోదు. లోపల సగం ఖాళీగా ఉన్నా సరే, ముందు పార్టిషన్లు (డిస్క్‌లో చేసిన భాగాలు) కుదించమంటుంది. ఆ తలనొప్పి లేకుండా 500 గానీ 512 గానీ తెచ్చుకో.

అయితే కొనకముందే ఒక పని చేయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరుకుతుంది. అది తెరిచి పాత డిస్క్ ఆరోగ్యం నీలంలో ఉందా, పసుపులో ఉందా చెప్పు. పాత డిస్క్ అంటేనే నెమ్మది, అది వేరే సంగతి. కానీ ఎప్పుడూ 100 శాతం అంటున్నావంటే నాకు అనుమానంగా ఉంది.

కందుకూరు:
అడ్డొస్తున్నానని అనుకోవద్దు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కి ఇంటెల్ అయితే ఎనిమిదో తరమైనా ఉండాలి, నాలుగో తరానికి అధికారికంగా రాదు. ఈ ముసలిదానికి డబ్బు పెట్టడం అవసరమా?

ఒంగోలు:
మీరన్నది నిజమే అన్నా. ఇంట్లో పిల్లల చదువుకైతే నేనూ వద్దనేవాణ్ణి. కానీ ఈయన పని పేజ్‌మేకర్‌తో. కొత్త ల్యాప్‌టాప్ కొన్నా ఆ పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించుకునే బాధ ఎట్టాగూ ఉంది. దీన్ని డిజైన్లకే ఉంచి, బ్యాంకు పనులు దీంట్లో చేయకుండా, నెట్ అవసరమైనప్పుడే కలిపితే ఇంకొన్నాళ్లు లాగొచ్చు. రేపు ఇది మూలపడినా ఆ ఎస్‌ఎస్‌డీ వృథా కాదు, బయట డ్రైవ్‌గా వాడుకోవచ్చు.

కావలి:
అన్నా, పసుపే. కాషన్ అని రాసుంది. కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్ అనే వరుస దగ్గర పసుపు చుక్క. చెక్‌డిస్క్ (విండోస్‌లో డిస్క్‌ని పరీక్షించే కమాండ్) కొట్టేదా?

ఒంగోలు:
కొట్టొద్దు! డిస్క్‌లో కొన్ని చోట్ల చదవడానికి రావడం లేదని దాని అర్థం. చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటే మిగతా పనులన్నీ ఆగుతాయి, నీ చుక్కలు తిరగడానికి అదీ ఒక కారణం. ఇట్టాంటి డిస్క్‌ని చెక్‌డిస్క్‌తో గంటలు గంటలు రుద్దితే ఉన్నది కూడా పోవచ్చు.

ఈ రోజే ఒక బయటి హార్డ్ డిస్క్ అప్పు తెచ్చుకోనైనా డిజైన్లన్నీ అందులోకి కాపీ చేయి. ముందు ఈ ఏడాదివి, తర్వాత పాతవి. విండోస్ ఫోల్డర్‌లో ఉన్న ఫాంట్స్ ఫోల్డర్ మర్చిపోవద్దు. ఎక్కడైనా కాపీ ఆగిపోతే ఆ ఫైలు వదిలేసి ముందుకు పో.

అది అయ్యాకే క్లోనింగ్. యూఎస్‌బీ నుంచి సాటాకి మార్చే కేబుల్‌తో ఎస్‌ఎస్‌డీ తగిలించు. విండోస్‌ని షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేయి, లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలో ఉండి క్లోనెజిల్లా మొరాయిస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి క్లోనెజిల్లా తెరిచి, ఎక్స్‌పర్ట్ మోడ్‌లో రెస్క్యూ ఆప్షన్ పెట్టు. అప్పుడు చదవలేని చోట ఆగకుండా దాటుకుని పోతుంది. మూలం ఏది, గమ్యం ఏది అని అడిగినప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టి చదువు. రెండూ 500 అయితే సైజు చూసి తేల్చలేవు, కంపెనీ పేరూ మోడలూ చూడాలి. తారుమారైతే ఖాళీ ఎస్‌ఎస్‌డీ వచ్చి నీ పదేళ్ల పని మీద కూర్చుంటుంది.

బ్యాటరీ పనిచేస్తుందా? లేకపోతే యూపీఎస్ మీద పెట్టు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది.

చీమకుర్తి:
ర్యామ్ కూడా 8 చేసేయండి. అది డీడీఆర్3ఎల్ అయి ఉంటుంది, 1.35 వోల్టులది. మామూలు డీడీఆర్3 తెస్తే ఆన్ కాకపోవచ్చు. పాత ర్యామ్ ఊడదీసి షాపుకి తీసుకెళ్లి చూపించడం మంచిది.

కావలి (నాలుగు రోజుల తర్వాత):
అయింది అన్నా! డిజైన్లు కాపీ చేయడానికే ఒక రోజు పట్టింది. 2017 నాటి క్యాలెండర్ ఫైళ్లు రెండు పోయాయి, మిగతావి దక్కాయి. 500 జీబీది తెచ్చాను. క్లోనింగ్ రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి పూర్తయింది. మూత తీయడానికే నానా తిప్పలు, ఒక స్క్రూ అడుగున రబ్బరు బిళ్ల కింద దాక్కునుంది. బ్యాటరీ తీసేశాకే చేయి పెట్టాను. ఇప్పుడు అర నిమిషంలోపే తెర వస్తోంది, అను ఫాంట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. విండోస్ యాక్టివేషన్ కూడా మళ్లీ అడగలేదు.

చివరి సందేహం. పాత డిస్క్‌ని ఫార్మాట్ చేసి బ్యాకప్‌కి వాడుకోనా?

ఒంగోలు:
యాక్టివేషన్ మదర్‌బోర్డును పట్టుకుని ఉంటుంది, డిస్క్ మారితే పోదు. పాత డిస్క్‌ని బ్యాకప్‌కి నమ్మొద్దు. రెండు నెలలు ఫార్మాట్ చేయకుండా సొరుగులో పెట్టు, ఏదైనా ఫైలు కాపీ కాలేదని అప్పుడు బయటపడుతుంది. తర్వాత ఎవరికీ అమ్మకు, అందులో కస్టమర్ల ఆధార్ జిరాక్సులు కూడా ఉండి ఉంటాయి కదా. బ్యాకప్‌కి వేరే హార్డ్ డిస్క్ కొనుక్కుని వారానికోసారి కాపీ చేయి. హార్డ్ డిస్క్ పోయేముందు చాలాసార్లు ఇట్టా మూలుగుతుంది, ఎస్‌ఎస్‌డీ ఒక్కోసారి చెప్పాపెట్టకుండా పోతుంది. ఆ, డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ (హార్డ్ డిస్క్‌లో చెదిరిన ఫైళ్లను సర్దేది) ఏదైనా వేసుంటే తీసేయి, దీనికి దాంతో పని లేదు.

కావలి:
వేసుంది అన్నా, ఇప్పుడే తీసేస్తున్నా.