రీసెర్చ్ నిధులు హైదరాబాద్‌కే పోవాలా, జిల్లాలకూ రావాలా?

బల్క్‌డ్రగ్ కెమిస్ట్ (చర్చ మొదలుపెట్టినవారు)

ప్రైవేటు రంగంలో పరిశోధనకు అప్పులిచ్చేందుకు కేంద్రం 2025లో లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) నిధికి ఓకే చెప్పిన దగ్గర్నుంచి మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గొడవ. ఈ డబ్బు మళ్లీ హైదరాబాద్, బెంగళూరు, పుణెలకే పోతుంది, జిల్లాల సంగతేంటి అని. నా మాట సూటిగా చెబుతాను: పోనివ్వండి. తలా కాస్త పంచితే ఎవరికీ అక్కరకు రాదు.

హైదరాబాద్‌కు ఫార్మా ఊరికే రాలేదు. 1944లో నిజాం సర్కారు పెట్టిన ప్రయోగశాల 1956లో కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ కిందికి వచ్చి రీజినల్ రీసెర్చ్ ల్యాబ్ (ఆర్‌ఆర్‌ఎల్) అయింది. ఇప్పటి ఐఐసీటీ, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ, అదే. 1960ల్లో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చింది. రియాక్టర్ పక్కన నిలబడి పని నేర్చుకున్న కెమిస్టులు అక్కడ తయారయ్యారు. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికి మాత్రమే పేటెంట్ అనేసరికి, అదే మందును వేరే దారిలో చేయగల కెమిస్టుకు గిరాకీ పుట్టింది. అంజిరెడ్డి గారు ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 1992 కల్లా ఐడీపీఎల్ ఖాయిలా పడింది, నిజమే. కానీ అక్కడ చేయి తిరిగినవాళ్లు అప్పటికే హైదరాబాద్ చుట్టూ ఉన్న జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల వైపు సర్దుకున్నారు. ఇలాంటిది నాలుగు జిల్లాల్లో నాలుగు ముక్కలుగా పెడితే జరిగేదా?

మార్టేరు కుర్రాడు

అన్నా, మీరు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. కానీ జిల్లాలో పెట్టిన డబ్బు వృథా అంటే మాత్రం ఒప్పుకోను. మా పశ్చిమ గోదావరిలో మార్టేరు వరి పరిశోధనా కేంద్రం ఉంది. 1982లో స్వర్ణ, అదే ఎంటీయూ 7029, అక్కడే విడుదలైంది. ఒడిశా, బెంగాల్, బీహార్ దాకా పాకింది. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, మనం సాంబ మసూరి అనేది, 1986 నాటిది. ఇవాళ్టికీ తెలుగువాళ్ల కంచంలో ఉంది. వీటి మీద ఏ స్టార్టప్పూ పుట్టలేదు, ఎవరూ షేర్ మార్కెట్‌కు వెళ్లలేదు. రైతు తన గింజ తనే దాచుకుని మళ్లీ విత్తుకున్నాడు, పక్కూరి బావమరిదికి రెండు బస్తాలిచ్చాడు. ఆ లాభమంతా లెక్కకందకుండా లక్షల ఎకరాల్లోకి పోయింది. కంపెనీల లెక్కతో కొలిస్తే మార్టేరు సున్నా. రైతు ఇంట్లోకి వచ్చిన ధాన్యంతో కొలవండి, అప్పుడు మాట్లాడుకుందాం.

బల్క్‌డ్రగ్ కెమిస్ట్

తమ్ముడూ, స్వర్ణ గొప్పదే. అయితే మీ డెల్టాకు కాటన్ దొర ఆనకట్ట 1852 నుంచే ఉంది. కాలువ నీళ్లు లేకుండా అదే వంగడం ఏం చేసేది? నేను చెప్పేదీ అదే. ముందే బలం ఉన్నచోట పెట్టిన పరిశోధన డబ్బుకే ఫలితం ఎక్కువ.

సీమ స్కాలర్

కెమిస్ట్ సార్, ఆ బలం మా దగ్గర ఎందుకు లేదో చెప్పనివ్వండి. నేను ఒక రాష్ట్ర యూనివర్సిటీలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తున్నాను. గ్రాంటుతో కొన్న హెచ్‌పీఎల్‌సీ మిషన్ (శాంపిల్‌లో ఏమేం ఉన్నాయో విడదీసి చూపేది) ఉంది, పంపు పాడైంది. గ్రాంటు కాలం అయిపోయింది, ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టుకు (ఏఎంసీ) డబ్బుల్లేవు. ప్లాస్టిక్ కవరు కప్పుకుని కూర్చుంది. అణువు నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్ పరీక్ష కావాలంటే శాంపిల్ సీసా మూతకు పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టి, థర్మాకోల్ డబ్బాలో పెట్టి, బస్సు పార్సిల్‌లో హైదరాబాద్‌కు పంపుతాం. రిజల్ట్ తేడాగా వస్తే మళ్లీ డబ్బా, మళ్లీ బస్సు. ఫెలోషిప్ నెలల తరబడి ఆగిపోతే ఇంట్లో అడిగే ప్రశ్నలకు వచ్చే టెన్షన్ వేరే. నా తోటివాళ్లు పీహెచ్‌డీ మధ్యలోనే వదిలేసి మీ జీడిమెట్ల వైపు క్యూసీ (నాణ్యత పరీక్షల) ఉద్యోగాలకు వచ్చేశారు. సీమ పిల్లలు మీ దగ్గరికి వస్తుంటే దాన్ని హైదరాబాద్ బలం అంటున్నారు.

నక్కవాగు ఒడ్డున

ఒక్క మాట చెప్పి తప్పుకుంటాను. పటాన్‌చెరు పేరు తీశారు కాబట్టి. కంపెనీల నీళ్లు వాగులోకి వదిలితే పొలాలు పోయాయి, బోర్లు పోయాయి. కాలుష్యం మీద కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. మందు చేసే పద్ధతి మీద పెట్టిన ఖర్చులో కొంతైనా ఆ వ్యర్థాలను శుద్ధి చేసే పద్ధతి మీద పెట్టి ఉంటే మా ఊళ్లు ఇలా ఉండేవి కావు. ప్రాంతం ఎదిగింది అనేటప్పుడు ఆ ప్రాంతంలో మేమూ ఉన్నామా లేదా చెప్పండి.

కేరీ నుంచి

అమెరికాలోని నార్త్ కరోలినాలో ఉంటాను. ఇక్కడి రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ 1959లో మొదలైంది. అప్పట్లో తలసరి ఆదాయంలో ఈ రాష్ట్రం దేశంలో అట్టడుగు వరసలో ఉండేది. పొగాకు, బట్టల మిల్లులు, ఫర్నిచర్, అంతే. డ్యూక్, యూఎన్‌సీ, ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీలు మూడూ దగ్గర దగ్గరగా ఉండటం కలిసొచ్చింది. అయినా మొదటి ఏళ్లలో ఖాళీ స్థలాలే ఎక్కువ. 1965లో ఐబీఎం వస్తానన్నాకే ఊపందుకుంది. ఇప్పుడు కేరీ, మోరిస్‌విల్‌లో వీధికో తెలుగు కుటుంబం కనిపిస్తుంది. కానీ కారెక్కి తూర్పు కౌంటీలకు వెళ్తే పాత పొగాకు ఊళ్లు ఇంకా పేదగానే ఉన్నాయి. ఒకచోట పోస్తే చుట్టుపక్కలకు దానంతటదే పారుతుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

మార్టేరు కుర్రాడు

కెమిస్ట్ అన్నకు ఇంకో సంగతి. ముందే బలం ఉన్నచోట పెట్టాలంటున్నారు కదా, భీమవరం సంగతేంటి? దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రాదే మొదటి స్థానం. 2009లో విదేశీ రొయ్య రకం వనామీకి అనుమతి వచ్చాక చెరువులు ఎలా పెరిగాయో కళ్లారా చూశాం. కానీ తల్లి రొయ్య ఎక్కువగా అమెరికా నుంచి విమానంలో చెన్నై క్వారంటైన్‌కు రావాలి, అక్కణ్నుంచి పిల్లలు పెంచే హేచరీకి. వైట్ స్పాట్ వచ్చినా, ఈహెచ్‌పీ వచ్చినా, ఏ రొయ్య జబ్బొచ్చినా రైతు మందుల షాపువాడు చెప్పింది చల్లుతాడు. ఇంత పరిశ్రమ ఉన్న చోటికి దానికి తగ్గ పరిశోధన రాలేదంటే, డబ్బు బలాన్ని చూసి వస్తుందన్న మాట తప్పే కదా? కంపెనీలున్నచోటికే వస్తోంది. రైతులున్నచోటికి రావడం లేదు.

బల్క్‌డ్రగ్ కెమిస్ట్

భీమవరం మాట న్యాయమైనది. అక్కడ పెట్టాల్సిందే, అదీ గట్టిగా పెట్టాలి. కానీ జిల్లాకో భవనం, ప్రారంభోత్సవానికో శిలాఫలకం అంటే మాత్రం ఇప్పటికీ వద్దంటాను. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ పద్ధతి ఐఐసీటీలో తయారైంది, 1993లో దాన్ని మార్కెట్‌కు తెచ్చింది ముంబై సిప్లా. అంటే టెక్నాలజీ ఎటైనా వెళ్లిపోతుంది. ఆ ల్యాబ్ డైరెక్టర్ ఏవీ రామారావు గారు మాత్రం రిటైరయ్యాక హైదరాబాద్‌లోనే అవ్రా ల్యాబ్స్ పెట్టారు. ఊరికి మిగిలేది మనిషే. జిల్లాకు డబ్బిస్తే, ఆ మనిషి ఇరవై ఏళ్లు అక్కడే ఉండేలా ఇవ్వాలి. మూడేళ్ల ప్రాజెక్టుతో అది జరగదు.

సీమ స్కాలర్

సార్, అయితే మనిద్దరం అడిగేది ఒకటే. కొత్త మిషన్ కొనడానికి ఏదో ఒక స్కీమ్ ఉంటుంది, దాన్ని నడిపే టెక్నీషియన్ జీతానికి ఉండదు. ఖాళీ అయిన ఫ్యాకల్టీ పోస్టుల్లో గెస్టు లెక్చరర్లు పాఠాలు చెబుతున్నారు, వాళ్ల పేరు మీద ప్రాజెక్టు రాయడానికి వీల్లేదు. ముందు ఈ పోస్టులు నింపితే, పాడైన పంపు బాగుచేయించే మనిషంటూ ఒకరు ల్యాబ్‌లో ఉంటారు. ఆర్‌డీఐ అప్పు అడగడానికి కంపెనీలున్న ఊళ్లు ఎలాగూ వెళ్తాయి. మాకు రాష్ట్ర బడ్జెట్‌లో రావాల్సింది ఈ జీతాలు.