‘కిరాతకం’ అన్న మాటను మనం ఇంకా వాడాలా?

మొదటి పోస్టు

అందరికీ నమస్కారం. ఇరవై రెండేళ్లుగా ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. ‘కిరాతకంగా హత్య’, ‘కిరాతకుడికి యావజ్జీవం’ లాంటి హెడ్డింగులు ఎన్ని పెట్టానో లెక్కలేదు. చిన్న మాట, గట్టి మాట, చదివేవాళ్లకు వెంటనే తగులుతుంది. ఇన్నేళ్లలో ఆ మాట ఎక్కడిదో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మొన్న బ్రహ్మోత్సవాలకు శ్రీకాళహస్తి వెళ్లాను. అక్కడ శివరాత్రి ఉత్సవాల్లో మొదటి జెండా స్వామికి కాదు. ముందు కొండ మీద భక్త కన్నప్పకు ధ్వజారోహణం చేస్తారు, స్వామికి ఆ తర్వాతే. కన్నప్ప అంటే తిన్నడు. బోయపిల్లవాడు, వేటగాడు. అడవిపందిని కొట్టి, నిప్పుల మీద కాల్చి, కొరికి రుచి చూసి, బాగున్న ముక్కలే ఏరి శివుడికి పెట్టాడని కథ. పాత కావ్యభాషలో అలాంటివాణ్ని కిరాతుడనే అంటారు.

తిరిగొచ్చి డ్యూటీలో కూర్చోగానే చేతికి వచ్చిన మొదటి కాపీ ఒక హత్య. అలవాటుగా ‘కిరాతకం’ అని కొట్టేశాను. స్క్రీన్ మీద ఆ మాట చూశాక వేళ్లు ఆగిపోయాయి.

నా సందేహం ఇది. అడవిలో ఆకలి కోసం వేటాడేవాడి పేరు తెలుగులో ఘోరమైన నేరానికి పేరైంది. కోటలోంచి గుర్రమెక్కి, జాగిలాలతో, వందమంది పరివారంతో సరదా కోసం వేటకెళ్లిన రాజు చేసిన పని మాత్రం ‘మృగయావినోదం’. చంపడం రెండు చోట్లా ఉంది. మాటలు ఇంత దూరం ఎలా వెళ్లాయి? తెలిసినవాళ్లు చెప్పండి. ‘కిరాతకం’ బదులు ఏం రాయవచ్చో కూడా చెప్పండి.

జవాబు – రిటైరైన సంస్కృత అధ్యాపకుడు, తెనాలి

మంచి ప్రశ్న వేశారమ్మా. కిరాత అన్నది మొదట తిట్టు కాదు, జాతి పేరు. పాత సంస్కృతంలో హిమాలయాల తూర్పు కొండల్లో ఉండే జనానికి ఆ పేరు. నేపాల్‌లో రాయ్, లింబూ జనం ఇవాళ్టికీ తమను కిరాతులమనే గర్వంగా చెప్పుకుంటారు. పాత సంస్కృత నిఘంటువు అమరకోశానికి వచ్చేసరికి కిరాతులు, శబరులు, పుళిందులు అందరినీ కలిపి ‘మ్లేచ్ఛజాతయః’ అని ఒకే గంపలో వేసేశారు. పేరు పల్లం వైపు జారింది అక్కడే. తెలుగులో మనం ఇంకో మెట్టు దించి, జాతి పేరును ఒక గుణం చేశాం, ఆ గుణాన్ని నేరం చేశాం.

మృగయ సంగతి వేరు. ‘మృగ్’ ధాతువుకు వెదకడం అని అర్థం. మృగం నడిచిన జాడే ‘మార్గం’. అంటే మనం రోజూ వాడే ‘మార్గం’ కూడా వేటలోంచి వచ్చిందే. రాజుల వేటను శాస్త్రాలు వెనకేసుకొచ్చాయని మాత్రం అనుకోకండి. కోరిక వల్ల పుట్టే పది వ్యసనాలను మనువు లెక్కపెడుతూ మొట్టమొదట చెప్పింది వేటనే, ఆ తర్వాతే జూదం. శాస్త్రం వ్యసనమంది, కవులు వినోదమన్నారు. రాజు దగ్గర బహుమానం పుచ్చుకునేది కవి కదా!

జవాబు – హైదరాబాద్ పాతబస్తీ నుంచి

ఇంకో మాట కలుపుకోండి మేడమ్: షికారు. ఉర్దూలో షికార్ అంటే వేటే, వేటలో దొరికిన జంతువు కూడా షికారే. ఫార్సీ నుంచి వచ్చింది. నవాబులు, జాగీర్దార్లు, దొరలు పులుల మీదికి పోయింది షికారుకే. ఇప్పుడు తెలుగులో ‘సాయంత్రం ట్యాంక్‌బండ్ మీదికి షికారు పోదామా’ అంటే ఏమనుకుంటాం? చల్లగాలి, మిరపకాయ బజ్జీలు. దొరల వేట మాట పిల్లల్ని తీసుకుని తిరిగొచ్చే సరదా అయింది. అడవివాడి వేట మాట నెత్తురైంది. మాటల్లో కూడా పెద్దోడికి ఒక న్యాయం, పేదోడికి ఒక న్యాయం.

మొదటి పోస్టు పెట్టినవారు

ఈ షికారు సంగతి నాకు అస్సలు తట్టలేదండి. మా పేజీల్లో ‘షికారు’ కూడా ఎన్నోసార్లు పెట్టాను, టూరిజం ఫీచర్లలో. రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే కడుపులో దేవినట్టుంది.

జవాబు – ఉప్పాడ

మా ఇళ్లల్లో వేటంటే అడవి గుర్తురాదండి, సముద్రం గుర్తొస్తుంది. మా నాన్న చేపలు పట్టడానికి వెళ్లాడని ఎవరూ అనరు. ‘వేటకెళ్లాడు’ అంటారు, అంతే. తుపాను హెచ్చరిక వస్తే ‘వేట లేదు’. అంటే ఆ రోజు ఇంట్లో డబ్బు లేదని కూడా అర్థం. ప్రభుత్వం కాగితాల్లోనూ ఇదే మాట: ‘వేట నిషేధ కాలం’. తూర్పు తీరమంతా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఇంజిన్ పడవలు కదలవు. చేప గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలూ గట్టు మీద కూర్చుని వలలు బాగుచేసుకుంటాం, పడవలకు రంగులేస్తాం, కొంతమంది కూలికి వలస పోతారు. కడుపు కాలినా ఆగుతాం. నిషేధం ఎత్తేశాక సముద్రంలోకి దిగేముందు గంగమ్మకు దండం పెట్టకుండా మా నాన్న ఒక్కసారీ వెళ్లలేదు.

వేట అనే మాటలో క్రూరత్వం ఉందంటే నాకు బాధగా ఉంటుంది. మాకు అది బడి ఫీజు.

జవాబు – డిగ్రీ విద్యార్థి

నాదొక చిన్న ఊహ. ‘వేటాడు’లో ‘ఆడు’ ఉంది కదా. అంటే తెలుగువాళ్లు మొదటినుంచీ వేటను ఆటగానే చూశారా?

జవాబు – తెనాలి

లేదు నాయనా, అక్కడ పొరపడకు. ‘ఆడు’ అన్నిచోట్లా ఆట కాదు. మాట్లాడు, పోట్లాడు, వెంటాడు, కొనియాడు, నీళ్లాడు: వీటిలో ఆటెక్కడుంది? ఒక పనిలో పడి చేస్తూ ఉండటాన్ని చెప్పే సహాయక్రియ అది. ‘వేట’ మాత్రం అచ్చమైన ద్రావిడపదం. తమిళంలో వేట్టై, మలయాళంలో వేట్ట, కన్నడంలో బేటె. మన వకారం కన్నడంలో బకారమవుతుంది: వేరు బేరయినట్టు, వేసవి బేసగె అయినట్టు. నాలుగు భాషలూ విడిపోకముందే మన పెద్దలకు వేట ఉంది, దానికి పేరూ ఉంది. వరికి, ఇంటికి ఎంత పాత మాటలున్నాయో ఇదీ అంతే.

జవాబు – గుంటూరు

మా వైపు వేటంటే మేకపోతు, పొట్టేలు కూడా. ‘అమ్మవారికి వేటను ఇచ్చారు’ అంటాం. మాంసం కొట్టు బోర్డు మీద ‘వేట మాంసం’ అని ఉంటుంది. పెంచి కోసిందానికి వేట అనే పేరు ఎందుకు నిలిచిందో ఎప్పుడూ ఆలోచించలేదు. అడవిలో దొరికినదాన్ని దేవతకు పెట్టే అలవాటు ఊళ్లోకి వచ్చి, దొడ్లో జంతువు మీద పడిందేమో అని నాకనిపిస్తుంది.

జవాబు – పాడేరు దగ్గర ప్రభుత్వ బడిలో టీచర్

చైత్రంలో ఇక్కడ ఇటుకల పండుగ. విత్తనం వేసే ముందు వచ్చే పండుగ. మగవాళ్లు విల్లు, బల్లెం పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, వచ్చే పోయే బళ్లను ఆపి డబ్బులడుగుతారు. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన మగాళ్ల మీద పేడనీళ్లు చల్లుతారు. వేట పడితే మాత్రం ఊరంతా థింసా నాట్యం. దొరికింది చిన్న కుందేలైనా ఊరందరికీ వాటా.

చట్టం ప్రకారం ఇది కుదరదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వేటను ఆపింది, 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. నేను ఆ చట్టం పక్షమే. అడవిలో జంతువులు ఎంత తగ్గిపోయాయో ఇక్కడి పెద్దవాళ్లే చెబుతారు. కానీ అడవిని ఖాళీ చేసింది ఈ బల్లేలు కాదు. తుపాకులతో వచ్చిన దొరలు, కలప కోసం వచ్చిన కాంట్రాక్టర్లు, రోడ్లు, గనులు. చివర్లో మిగిలిన పాపమంతా విల్లు పట్టుకున్నవాడి మీద పడింది. కిరాతకం అనే మాట కూడా అలా పడిందే.

జవాబు – నంద్యాల జిల్లా

అహోబిలం పారువేట చూశారా ఎవరైనా? కనుమ నాడు నరసింహస్వామి పల్లకి కొండ దిగుతుంది, నలభై రోజుల దాకా ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. బయలుదేరేటప్పుడు చెంచులు పల్లకి మీదికి బాణాలు వేస్తారు. కోపం కాదు, మర్యాద. చెంచులక్ష్మిని పెళ్లాడిన బావ కదా ఆయన! దేవుడు వేటకు బయలుదేరితే మొదటి బాణం వేటగాళ్లది. పారడమంటే పరుగెత్తడం కాబట్టి పారువేట అంటే తరిమి ఆడే వేట అని మావాళ్లు చెబుతారు. తిరుమలలోనూ కనుమకు పార్వేట ఉత్సవం ఉంది.

జవాబు – ఆదిలాబాద్ రైతు

మీరంతా మంచిగ రాస్తున్నరు. నా గోస కూడా వినుర్రి. నాది మూడెకరాల మక్క చేను. కంకి పాలు పట్టే టైమ్‌ల అడవిపందులు వస్తె ఒక్క రాత్రిల సాఫ్. కొందరు చేను చుట్టు కరెంటు తీగ పెడ్తరు. పంది చావొచ్చు, బర్రె చావొచ్చు, మనిషి చావొచ్చు. మా పక్క ఊళ్లె పొద్దుగాల నీళ్లు పెట్టనీకి పోయిన ఒక తండ్రి అట్లనే పోయిండు. పేపర్ల ‘వేటగాళ్ల ఉచ్చుకు బలి’ అని రాసిన్రు. మా తాత వేటకు పోయెటోడు. రాత్రంత చెట్టు మీద మాటు వేసి కూసునెటోడు. కడుపుతోని ఉన్నదాన్ని, పిల్లలతోని ఉన్నదాన్ని కొట్టకపోయెటోడు. తీగ పెట్టి ఇంట్ల పండుకునుడు వేట ఎట్లయితది?

మొదటి పోస్టు పెట్టినవారు

అన్నా, మీ జవాబు నాలుగుసార్లు చదివాను. మీ పక్క ఊరి ఆ తండ్రి గురించి ఏం చెప్పాలో తెలియడం లేదు.

మీరు రాసిన ‘మాటు’ దగ్గరే నా ఆలోచన ఆగింది. గురి, మాటు, పొంచి ఉండటం: ఈ మాటల్లో మనిషి అక్కడ ఉన్నాడు. ఎదుటి జంతువేదో చూస్తున్నాడు, కొట్టాలా వదలాలా అని తేల్చుకుంటున్నాడు. ఉచ్చు, తీగ, నాటుబాంబు అలా కాదు. పెట్టినవాడు లేడు, వచ్చింది ఏదైనా చస్తుంది.

భారతంలో పాండురాజు కథ ఇదే చెబుతోంది. జింక రూపంలో భార్యతో కలిసి ఉన్న కిందముడనే మునిని పాండురాజు బాణంతో కొడతాడు. జింకల్ని చంపడం రాజధర్మమే అని వాదిస్తాడు. దానికి ముని జవాబు నన్ను కదిలించింది. నువ్వు వేటాడావని నిన్ను తప్పుపట్టడం లేదు, మేం కలిసి ఉన్న సమయం గడిచేదాకా ఆగాల్సింది అంటాడు. శాపం ఆగనందుకే. ఉప్పాడలో 61 రోజులు గట్టు మీద కూర్చునేవాళ్లు ఆగుతున్నారు, మీ తాతగారు ఆగారు. ఆగనివాడు రాజు.

ఇంకొకటి. అర్జునుడు తపస్సు చేస్తుంటే శివుడు వచ్చింది ఏ వేషంలో? కిరాతుడిగానే. ఒకే అడవిపంది మీద ఇద్దరి బాణాలూ పడ్డాయి. నువ్వు చేసింది వేటధర్మం కాదని అర్జునుడు నిలదీస్తే, ముందు గురిపెట్టింది నేనని కిరాతుడు అడ్డం తిరిగాడు. అంటే కిరాతుడికి తనదైన ధర్మం ఉంది, దానికోసం పోట్లాడతాడు కూడా. లేపాక్షి పైకప్పు మీద ఆ పందిని, ఆ కిరాతుణ్ని ఎంత ప్రేమగా చిత్రించారో చూసినవాళ్లకు తెలుసు. ధర్మం తెలిసినవాడి పేరును ధర్మం లేని పనికి పెట్టుకున్నాం మనం.

జవాబు – తెనాలి

అయితే బదులు మాట ఏది? ‘పాశవికం’ అంటే పశువులకు అన్యాయం. ఏ పశువూ కట్నం కోసం భార్యను చంపదు. ‘రాక్షసం’ అనవచ్చు, నొచ్చుకునేవాళ్లు లేరు. ‘అమానుషం’ వద్దంటాను. ఆ పని చేసింది మనిషే.

మొదటి పోస్టు పెట్టినవారు

నిన్నటి పేజీలో ‘దారుణ హత్య’ అని పెట్టాను మాస్టారూ. హెడ్డింగు కూడా రెండు అక్షరాలు తగ్గింది. డెస్కులో నా పక్కన కూర్చునే కుర్రాడికి ఈ చర్చంతా చూపించాను. అతనిది శ్రీశైలం దగ్గర చెంచుగూడెం అని నాకు నిన్నే తెలిసింది. ఆరేళ్లుగా ఆ మాట అతని కళ్లముందే కొడుతూ వచ్చాను. ‘ఎందుకు చెప్పలేదు బాబూ’ అంటే, ‘అలవాటైపోయింది మేడమ్’ అన్నాడు.

ఉప్పాడ తమ్ముడూ, మీ వైపు వలల పేర్లు, ఏ వల ఏ చేపకో, వీలైతే ఇక్కడ రాయండి. ఆదిలాబాద్ అన్నా, మీ తాతగారు వాడిన వేట మాటలు గుర్తున్నవి చెప్పండి. మాటు కాకుండా ఇంకేం ఉండేవి?

జవాబు – ఆదిలాబాద్ రైతు

దీమం. పిట్టను పిలిచే పెంపుడు పిట్ట. మిగిలినవి మా అమ్మను అడిగి రేపు రాస్త.