యెరూషలేము, యొర్దాను, ఎడారి: ఒక్కదాన్నే వెళ్ళొచ్చా?

పెతా తిక్వా నుంచి:

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల దగ్గర ఊరు. ఇజ్రాయెల్‌కు కేర్‌గివర్‌గా వచ్చి నాలుగు నెలలు అవుతోంది. నేను చూసుకునే అవ్వకు, ఇక్కడి మాటలో సవ్తకు, 91 ఏళ్ళు, మంచం మీదే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా నాకు సెలవు, కానీ ఇప్పటిదాకా ఆ సెలవంతా నిద్రకే సరిపోయింది. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా యెరూషలేము వెళ్ళావా, యొర్దానులో మునిగావా, నీళ్ళు పట్టుకున్నావా అని అడుగుతోంది. వచ్చే నెల పండగకు సవ్త కూతురు వచ్చి ఉంటానంది కాబట్టి నాకు మూడు రోజులు కలిసొస్తాయి. ఆ మూడు రోజుల్లో యెరూషలేము, బేత్లెహేము, యొర్దాను, మృత సముద్రం, గలిలయ, వీలైతే సీనాయి కొండ కూడా చూసి రావచ్చా? ఒక్కదాన్నే. హీబ్రూ కొంచెం కొంచెం వస్తుంది. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

రమత్ గన్ నుంచి:

చెల్లీ, ముందు సీనాయి కొండను తీసెయ్యి. అది ఈజిప్టులో ఉంది. ఎయిలాత్ దగ్గర తాబా బోర్డర్ దాటితే నువ్వు దేశం వదిలి వెళ్ళినట్టే లెక్క. మనలా బీ1 అనే పని వీసా మీద ఉన్నవాళ్ళు బయటకు వెళ్ళి తిరిగి రావాలంటే ముందుగా ఇంటర్ వీసా వేయించుకోవాలి. అది లేకుండా జోర్డాన్ వైపు గానీ ఈజిప్టు వైపు గానీ అడుగు పెట్టొద్దు. లక్షలు అప్పు చేసి వచ్చినవాళ్ళం, ఒక్క స్టాంపు కోసం ఉద్యోగం పోగొట్టుకోకూడదు.

రెండో మాట. మూడు రోజుల్లో ఇవన్నీ చూడాలని పెట్టుకోకు. మన పాస్టర్ గార్ల టూర్లలో వచ్చేవాళ్ళు ఎనిమిది పది రోజుల్లో అన్నీ చుట్టేస్తారు, ఎందుకంటే వాళ్ళకు అదొక్కటే అవకాశం. పొద్దున బస్సు ఎక్కి, దిగి, ఫోటో తీసుకుని, మళ్ళీ బస్సు ఎక్కుతారు. నువ్వు ఇక్కడే ఉంటున్నావు. కేర్‌గివర్ వీసా మామూలుగా 63 నెలల దాకా ఉంటుంది, అంటే అయిదేళ్ళ పైన. ఒక్కో సెలవుకు ఒక్కో చోటు పెట్టుకో. నేను వచ్చి పదకొండేళ్ళయింది, యెరూషలేము పాత పట్నానికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు, ఇప్పటికీ తెలియని సందు ఒకటి ఎదురవుతూనే ఉంటుంది.

షబ్బాత్, అంటే యూదుల విశ్రాంతి దినం, సంగతి బాగా గుర్తు పెట్టుకో. శుక్రవారం మధ్యాహ్నం నుంచే బస్సులు, రైళ్ళు ఒక్కొక్కటిగా ఆగిపోతాయి, మళ్ళీ శనివారం చీకటి పడ్డాకే. వచ్చిన మొదటి ఏడాది నేను శుక్రవారం యెరూషలేములో చివరి బస్సు తప్పిపోయి, డబ్బులు సరిపడా లేక, ముక్కూ మొహం తెలియని కేరళ అక్క గదిలో ఆ రాత్రి తలదాచుకున్నాను. నీకు ఆ అవస్థ వద్దు. శనివారం అయితే తెల్ అవీవ్ పెద్ద బస్ స్టేషన్ పక్క నుంచి షెరూత్ అనే షేర్ టాక్సీలు యెరూషలేముకు వెళ్తాయి, రేటు కొంచెం ఎక్కువ. మామూలు రోజుల్లో తెల్ అవీవ్ నుంచి రైలు అరగంట పైచిలుకు, అంతే. బస్సులకు, రైళ్ళకు వాడే రవ్‌కావ్ కార్డులో డబ్బులు వేసుకుని ఉంచుకో. పాస్‌పోర్టు, వీసా నీ దగ్గరే ఉండాలి. యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం ఇక్కడి చట్టం ఒప్పుకోదు, దాచిపెడతామని వాళ్ళు అడిగినా ఇవ్వకు.

యెరూషలేము పాత పట్నం అంతా కలిపి ఒక చదరపు కిలోమీటరు ఉంటుంది. ఇప్పుడు కనిపించే గోడలు 1500ల్లో తుర్కీ సుల్తాన్ సులేమాన్ కట్టించినవి. దమాస్కస్ గేటు నుంచి దిగితే నేరుగా బజారులో పడతావు. శనివారం యూదుల వైపు దుకాణాలు మూసి ఉంటాయి, ముస్లింల వైపు, క్రైస్తవుల వైపు తెరిచే ఉంటాయి. శ్రమల మార్గంలో, అంటే ప్రభువు సిలువ మోస్తూ నడిచిన దారిలో, 14 చోట్లు ఉన్నాయి, వాటిలో చివరి అయిదూ గుడి లోపలే. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఆ దారి వెంట ప్రార్థన చేసుకుంటూ నడుస్తారు, ఎప్పుడైనా శుక్రవారం పొద్దుటి నుంచి సెలవు దొరికితే వాళ్ళ వెనకే నడువు. ఏ మూలకు తిరగాలో వెతుక్కునే పని ఉండదు.

ఆ గుడికి, అంటే యేసు ప్రభువు సమాధి ఉన్న చర్చికి, పొద్దున్నే వెళ్ళాలి. చాలా తెల్లవారుజామునే తలుపులు తెరుస్తారు. పది గంటలు దాటితే టూర్ బస్సులు దిగుతాయి, సమాధి ముందు గంటల తరబడి లైను. నేను ఒకసారి పాత పట్నంలోనే హాస్టల్ తీసుకుని రాత్రి ఉండి, చీకటితో లేచి వెళ్ళాను. లోపల పదిమంది కూడా లేరు. గుమ్మం దాటగానే ఎదురుగా ఒక రాతి పలక ఉంటుంది, ప్రభువు దేహాన్ని సమాధికి సిద్ధం చేసింది దాని మీదేనని నమ్మకం. దాని మీద ఒక ముసలామె తన చున్నీ పరిచి, నూనె రాసి, మళ్ళీ మడిచి గుండెకు హత్తుకుంటోంది. నేనూ అమ్మ పంపిన చేతిరుమాలు పరిచాను. కుడి పక్క నిట్టనిలువు మెట్లు ఎక్కితే గొల్గొతా, ప్రభువును సిలువ వేసిన చోటు. అంత దగ్గర్లోనే రెండూ ఉంటాయని అప్పటిదాకా నాకు తెలియదు, ఊళ్ళో విన్నప్పుడు కొండ ఎక్కడో, సమాధి ఎక్కడో అనుకునేదాన్ని.

ఆ చర్చిలో ఆరు శాఖల వాళ్ళు ఉంటారు: గ్రీకులు, కాథలిక్కులు, ఆర్మేనియన్లు, కాప్టులు, సిరియన్లు, ఇథియోపియన్లు. ఏ దీపం ఎవరిది, ఏ మెట్టు ఎవరు ఊడవాలి అన్నది కూడా పాత ఒప్పందం ప్రకారమే నడుస్తుంది. పెద్ద తలుపు తాళం మాత్రం కొన్ని వందల ఏళ్ళుగా రెండు ముస్లిం కుటుంబాల చేతుల్లో ఉంది. ఈ సంగతి మా నాన్నకు ఫోన్‌లో చెప్తే చాలాసేపు మాట్లాడలేదు ఆయన.

బట్టల గురించి బెంగ వద్దు, మన చుడీదార్, చున్నీ అన్ని చోట్లా సరిపోతాయి. యూదులు ప్రార్థన చేసుకునే పడమటి గోడ దగ్గర ఆడవాళ్ళకు వేరే భాగం. షబ్బాత్‌లో అక్కడ ఫోన్ బయటకు తీయకు, ఫోటో తీయకు.

ఇంకొక మాట. ఇక్కడ బస్సు బోర్డుల మీద పేర్లు చూసి కంగారుపడకు, మన తెలుగు బైబిల్లో ఉన్న పేర్లు హీబ్రూకు చాలా దగ్గరగా ఉంటాయి. యెరూషలాయిమ్, బెత్ లెహెమ్, యార్దెన్, క్ఫర్ నహూమ్. ఇంగ్లీషు పేరు చెప్తే అర్థం కాని డ్రైవర్‌కు నేను కపెర్నహూము అని మనలాగే చెప్తే అర్థమైంది.

బేత్లెహేము పాలస్తీనా వాళ్ళ ఆధీనంలో ఉంది. దమాస్కస్ గేటు దగ్గర అరబ్ బస్సుల స్టేషన్ నుంచి వెళ్ళొచ్చు, ఆ బస్సులు శనివారమూ నడుస్తాయి. తిరిగి వచ్చేటప్పుడు చెక్‌పోస్టులో దింపి పాస్‌పోర్టు, వీసా చూస్తారు. 2023 అక్టోబరులో యుద్ధం మొదలయ్యాక దారులు ఎప్పుడు మూస్తారో ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం, అందుకని బయల్దేరే రోజు పొద్దున అడిగి తెలుసుకో, అనుమానంగా ఉంటే మానుకో. పుట్టిన చోట ఉన్న చర్చి గుమ్మం ఎంత చిన్నదంటే పిల్లలు తప్ప అందరూ వంగి వెళ్ళాల్సిందే. కింద గుహలో నేల మీద 14 కోణాల వెండి నక్షత్రం ఉంటుంది. మోకాళ్ళ మీద కూర్చుని ముట్టుకోవచ్చు.

ఇక మీ అమ్మగారు అడిగిన యొర్దాను. రెండు చోట్లు ఉన్నాయి. గలిలయ సముద్రం కింద యర్దెనిత్ అని ఒకటి, అక్కడ నీళ్ళు శుభ్రంగా ఉంటాయి, బట్టలు మార్చుకునే గదులు ఉంటాయి. కానీ ప్రభువు బాప్తిస్మం పొందింది అక్కడ కాదు, యెరికో దగ్గర అని పూర్వం నుంచీ నమ్మకం. ఇటువైపు ఒడ్డును ఖస్ర్ అల్ యహూద్ అంటారు. 1967 యుద్ధం తర్వాత చాలా ఏళ్ళు అది మందుపాతరలు పాతిన మిలిటరీ ప్రాంతం, 2011లో మామూలు జనానికి తెరిచారు. ప్రవేశం ఉచితం, సాయంత్రం పెందలాడే మూసేస్తారు, గేటు దాకా బస్సు లేదు. నలుగురు కలిసి కారు మాట్లాడుకోవాలి. దారి పక్క పసుపు బోర్డులు, ముళ్ళ కంచెలు కనిపిస్తే వాటిని దాటి ఒక్క అడుగు కూడా వేయొద్దు.

నేను మొదటిసారి చూసినప్పుడు ఇదేనా అనిపించింది, నిజం చెప్తున్నా. మా కోనసీమ కాలువలు దీనికంటే వెడల్పు. పైన మూడు దేశాలు నీళ్ళు తోడేసుకోగా మిగిలిన మట్టి నీళ్ళు. అవతలి ఒడ్డు జోర్డాన్, మధ్యలో నీళ్ళ మీదే బోర్డర్. ఆ ఒడ్డున ఎవరో తెల్ల బట్టలు వేసుకుని పాట పాడుతున్నారు, ఏ భాషో తెలియదు, రాగం మాత్రం మా చర్చిలో పాడుకునేదే. అప్పుడు నీళ్ళలోకి దిగాను. నువ్వూ దిగు, మునుగు, కానీ ఆ నీళ్ళు నోట్లో పోనివ్వకు, తాగడానికి పనికిరావు.

మృత సముద్రానికి వెళ్ళే రెండు రోజుల ముందు నుంచీ కాళ్ళు చేతులు షేవ్ చేసుకోకు, చిన్న గాటు ఉన్నా భరించలేవు. వెల్లకిలా పడుకోవాలి, బోర్లా తిరగకు, కళ్ళలో ఒక్క చుక్క పడితే వెంటనే మంచినీళ్ళతో కడుక్కో. పావుగంట చాలు. ఐన్ బొకెక్ బీచ్ ఉచితం. మిగతా ఒడ్డంతా ఎక్కడ పడితే అక్కడ దిగకు, నీటిమట్టం ఏటా మీటరు పైన తగ్గిపోతూ నేల లోపల గుల్లయి, ఉన్నట్టుండి గుంటలు పడుతున్నాయి. గలిలయ వేరే సెలవుకు ఉంచుకో. దానికి రెండు రోజులు కావాలి.

బీర్‌షెబా నుంచి:

అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇక్కడ యూనివర్సిటీలో పోస్ట్‌డాక్ చేస్తున్నాను, మాది గుంటూరు. నా వంతు ఎడారి గురించి రెండు మాటలు, ఎందుకంటే గుళ్ళ గురించి అందరూ చెప్తారు గానీ ఎడారి గురించి ఎవరూ జాగ్రత్త చెప్పరు.

ఎడారిలో ఎండ ఒక్కటే ప్రమాదం అనుకోవద్దు చెల్లెమ్మా, నీళ్ళూ ప్రమాదమే. శీతాకాలం నుంచి వసంతం దాకా కొండల మీద ఎక్కడో వాన పడితే, మన నెత్తిన ఒక్క చినుకు లేకుండానే ఎండిపోయిన వాగులోకి వరద గోడలా వచ్చేస్తుంది. ఇక్కడి నేల నీటిని పీల్చుకోదు. 2018 ఏప్రిల్‌లో మృత సముద్రం దగ్గర నహల్ త్సఫిత్ వాగులో పది మంది పిల్లలు అలాగే కొట్టుకుపోయారు. వరద హెచ్చరిక ఉన్న రోజు నహల్ అని గానీ వాదీ అని గానీ పేరున్న చోటుకు వెళ్ళొద్దు.

ఎండాకాలం అయితే మసాదాకు, అంటే ఎడారిలో కొండ మీది పాత కోటకు, కేబుల్ కారులో వెళ్ళు. పాము దారి అనే కాలిబాట ఎక్కాలంటే సూర్యోదయానికి ముందే మొదలుపెట్టాలి, ఎండ మరీ ముదిరితే ఆ దారి మూసేస్తారు. నడిచే రోజు కనీసం మూడు లీటర్ల నీళ్ళు మోసుకెళ్ళాలి, దాహం వేసేదాకా ఆగకుండా తాగుతూ ఉండాలి. కొన్ని లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు, ఏ దారిన వెళ్తున్నావో ఒకరికి మెసేజ్ పెట్టి వెళ్ళు. ఫోన్‌లో హోమ్ ఫ్రంట్ కమాండ్ యాప్ తప్పకుండా పెట్టుకో, సైరన్ మోగితే దగ్గర్లోని షెల్టర్‌లోకి, ఆరుబయట ఉండి అది దొరక్కపోతే నేల మీద బోర్లా పడుకుని తల మీద చేతులు. అంబులెన్స్ 101, పోలీసు 100.

ఇవన్నీ భయపెట్టడానికి కాదు. ఒకసారి మిత్స్‌పే రమోన్ వెళ్ళి రా. 40 కిలోమీటర్ల పొడవున నేల లోపలికి కుంగినట్టు ఉంటుంది, ఉల్క పడిన గుంట కాదు అది, లక్షల ఏళ్ళుగా నీళ్ళు కోసుకుంటూ పోయిన చోటు. రాత్రి అంచున కూర్చుంటే మా తాత పొలం గట్టు మీద పడుకుని చూపించిన చుక్కలన్నీ అక్కడ మళ్ళీ కనిపించాయి నాకు. ప్రవక్తలు ఎందుకు ఎడారిలోకి వెళ్ళేవారో ఆ నిశ్శబ్దంలో కూర్చున్నప్పుడు కొంచెం తెలిసింది.

హోలోన్ నుంచి:

బహెన్, మాది నిజామాబాద్. అల్ అఖ్సా ఆవరణకు కూడా వెళ్ళాలనిపిస్తే, ముస్లిమేతరులకు పడమటి గోడ పక్కన చెక్క వంతెన మీదుగా ఒక్కటే దారి, ఆదివారం నుంచి గురువారం దాకా కొన్ని గంటలే, శుక్ర శనివారాలు ఉండదు. లోపల వేరే మతం ప్రార్థన చేయకూడదు, ప్రార్థన పుస్తకాలు తీసుకెళ్ళకు. ఆ ఆవరణలోని బంగారు గుమ్మటం 691 ప్రాంతంలో కట్టింది.

మనవాళ్ళు చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. పాత పట్నంలో హెరోదు గేటు లోపలే హిందుస్తానీ ముసాఫిర్‌ఖానా, అంటే మనవాళ్ళ సత్రం, ఉంది. పంజాబ్ సూఫీ బాబా ఫరీద్ ఎనిమిది వందల ఏళ్ళ కింద అక్కడ ఉండి ధ్యానం చేశారని చెప్తారు. సహారన్‌పూర్ నుంచి వచ్చిన అన్సారీ కుటుంబం 1924 నుంచి చూసుకుంటోంది. హైఫాలో మన సైనికుల సమాధులు ఉన్నాయి. 1918 సెప్టెంబరు 23న ఆ ఊరును పట్టుకున్నది జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు, అంటే గుర్రపు సైనికులు. వాళ్ళ బ్రిగేడ్‌లోనే మన హైదరాబాద్ లాన్సర్లు కూడా ఉండేవారు. నేను ఏటా ఒకసారి వెళ్ళి ఫాతిహా చదివి వస్తాను.

పెతా తిక్వా నుంచి:

అక్కా, అన్నలూ, చాలా థ్యాంక్స్. చదువుతుంటే ఏడుపొచ్చింది. సీనాయి, గలిలయ ఇప్పుడు వద్దు. యెరూషలేములో ఒక రాత్రి ఉంటాను, మర్నాడు ఎవరైనా కలిస్తే కారులో యొర్దాను. మూడో రోజు పడుకుంటాను. నీళ్ళు ఊరికి ఎలా పంపాలి?

రమత్ గన్ నుంచి:

మూడో రోజు పడుకోవడం చాలా మంచి పని, ఆ సవ్తను ఎత్తి దించే నడుం నీదే కదా. నాకూ ఆ వారం సెలవే, కారు నేను మాట్లాడతాను, ఇంకో ఇద్దరు వస్తే బాగుంటుంది, వచ్చేవాళ్ళు ఇక్కడే చెప్పండి. నీళ్ళకు గట్టి మూత ఉన్న చిన్న సీసా తెచ్చుకో, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో పెట్టి, ఊరికి వెళ్ళేవాళ్ళ చెక్ ఇన్ సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టించు. చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేసే అవకాశం ఉంది. అమ్మకు చెప్పు, తాగొద్దని, తలకు రాసుకోమని.