మొజార్ట్ కాన్చెర్టో: వేళ్ల నంబర్లున్న పుస్తకం కొనాలా, లేనిదా?

భీమవరం_నాన్న: మా అమ్మాయి వయొలిన్ మీద మొజార్ట్ జి మేజర్ కాన్చెర్టో (కె. 216, ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే సోలో రచన) మొదలుపెట్టిందండి. వాళ్ల మాష్టారు ఉర్‌టెక్స్ట్ ఎడిషన్ తెప్పించమన్నారు. మొజార్ట్ రాసింది మాత్రమే ఉంటుందట, తర్వాతివాళ్ల చేర్పులు ఉండవట. ఆ డబ్బుతో రెండు నెలల ఫీజు కట్టొచ్చు. ఇంట్లో పాత ఎడిషన్ జిరాక్స్ ఉంది, అన్ని స్వరాల మీదా ఏ వేలు వేయాలో చెప్పే నంబర్లున్నాయి. అది చాలదా?

గౌతమి_తీరం: చాలదండి. నేనూ వయొలిన్ చెబుతాను, రాజమండ్రిలో. పాత ఎడిషన్లలో ఎడిటరు తనకు తోచినట్టు స్లర్లు (ఒకే కమాను లాగుడులో వాయించమనే గీతలు) కలిపేస్తాడు, క్రెషెండోలు (శబ్దం క్రమంగా పెంచమనే గుర్తులు) పెట్టేస్తాడు. ఏది మొజార్ట్‌దో ఏది ఆయనదో తెలియకుండా అంతా ఒకేలా అచ్చేస్తారు. పిల్లలు అదే బట్టీపడతారు. తర్వాత మాన్పించడం మా ప్రాణం మీదికి వస్తుంది.

పాలకొల్లు_కమాను: నంబర్లు లేని పుస్తకం 12 ఏళ్ల పిల్ల చేతికిస్తే చెయ్యి పైకి జరిపి థర్డ్ పొజిషన్‌కి ఎక్కడ ఎక్కాలో ఎవరు చెబుతారు? నేను చర్చి క్వయర్‌లో నేర్చుకున్నవాణ్ణి. అందరికీ కలిపి ఒకటే పుస్తకం, అదీ బీరువాలో. నంబర్లున్న కాగితం దొరికితే మాకు పండగే.

గౌతమి_తీరం: నేను చెబుతాను. మాష్టారున్నది అందుకేగా.

కోటిపల్లి_రేవు: ఉర్‌టెక్స్ట్‌లో నంబర్లుండవని ఎవరన్నారు? హెన్లే అనే జర్మన్ పబ్లిషర్లు సోలో భాగం రెండు కాపీలిస్తారు, ఒకటి నంబర్లతో, ఒకటి లేకుండా. గొడవ ఎక్కడుంది ఇందులో?

పాలకొల్లు_కమాను: మొజార్ట్ చేతిరాతే కావాలంటున్నారుగా మాష్టారూ. ఈ కాన్చెర్టోకి ఆయన రాసిన కెడెంజా (ఆర్కెస్ట్రా ఆగి సోలో ఒక్కటే వాయించే భాగం) దొరకనేలేదు. అక్కడికి వచ్చేసరికి పిల్ల కమాను దించి కూర్చోవాలా?

గౌతమి_తీరం: వితండవాదం. కెడెంజా దగ్గర అది రాసినవాడి పేరు ఉంటుంది. స్లర్ దగ్గర ఉంటుందా?

అమలాపురం_శ్రోత: డబ్బే ఇబ్బందైతే, సాల్జ్‌బర్గ్‌లోని మొజార్టియం సంస్థ వాళ్లు మొజార్ట్ సమగ్ర రచనల కొత్త ఎడిషన్ సంపుటాలన్నీ 2006లోనే నెట్‌లో ఉచితంగా పెట్టారు. అందులో ఉండేది ఆర్కెస్ట్రా మొత్తం స్కోరు. సోలో వరస విడిగా రాసుకోవాలి.

పాలకొల్లు_కమాను: రాసుకునే రోజులు మళ్లీ వచ్చాయన్నమాట.

గౌతమి_తీరం: మీకు వేళాకోళంగా ఉంది. ఒక తండ్రి అచ్చు కాగితం పట్టుకొచ్చి, "పుస్తకంలో రెండో వేలు అని ఉంది, మీరు మూడో వేలు అంటారేంటి" అని పిల్లలందరి ముందూ నిలదీశాడు. మరుసటి నెల మాన్పించేశాడు. అప్పుడు తెలుస్తుంది మీకు, నంబర్లు చేసే పని.

పాలకొల్లు_కమాను: ఆయ్, ఇప్పుడు బయటపడింది. మీక్కావలసింది మొజార్ట్ కాదండి, ఖాళీ కాగితం. దాని మీద మీ నంబర్లు మీరు వేసుకోవాలి.

గౌతమి_తీరం: వేసుకుంటాను, తప్పేముంది? పిల్ల చిటికెనవేలు పొట్టిదో పొడుగుదో చూసేది నేను. ఎక్కడో జర్మనీలో వందేళ్ల కిందట అచ్చేసినాయన చూశాడా?

పాలకొల్లు_కమాను: మా మాష్టారూ ఇదే మాట అనేవారు. నా చిటికెనవేలు పొట్టిదని తేల్చేసి, అది పడే చోటల్లా వేలు పెట్టకుండా ఓపెన్ స్ట్రింగే వాయించమన్నారు. అడిగితే కమాను దెబ్బ. ఆయన పోయాక క్రూట్జర్ రాసిన 42 స్టడీలు (వయొలిన్ సాధన పాఠాలు) కొనుక్కుని, అందులో నాలుగో వేలు వేసినచోటల్లా వేసి చూశాను. నా వేలు బాగానే అందింది. అందుకే అంటున్నాను, రెండు మూడు ఎడిషన్లు ముందు పెట్టి ఏ వేలు బాగుందో పిల్లనే తేల్చుకోనివ్వండి.

గౌతమి_తీరం: 12 ఏళ్ల పిల్లనా?

పాలకొల్లు_కమాను: మరి ఎన్నేళ్లకి అడగొచ్చో మీరే సెలవివ్వండి.

భీమవరం_నాన్న: అమ్మాయి వయసు నేనెక్కడా చెప్పలేదండి. దానికి 19. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం.

పాలకొల్లు_కమాను: ఇంకేం, పుస్తకం ఎవరు ఎంచుకోవాలో తేలిపోయింది.

గౌతమి_తీరం: 19 అంటే అలవాట్లు బాగా ముదిరిపోయుంటాయి. ఉర్‌టెక్స్టే కొనండి.