గుంటూరు, కొండపల్లి పాత సమాధుల గురించి తెలిసినవారు దారి చూపగలరా?

నమస్కారం. మాది గుంటూరు. ఈ ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన 1832–33 నాటి నందన కరువు గురించి, 1842లో ఇక్కడికి వచ్చిన అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ గురించి చదివినప్పటి నుంచి, ఆ కాలపు మనుషుల ఆనవాళ్లను పాత సమాధుల మధ్య వెతుకుతున్నాను. చరిత్ర పుస్తకాలలో అధికారుల పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి; పురిటిలో పోయిన తల్లి పేరో, జ్వరంతో పోయిన పసిబిడ్డ పేరో చాలాసార్లు రాతి పలక మీద మాత్రమే మిగులుతుంది. అందుకే ఈ రాళ్లు శిథిలం కాకముందే వాటిని చదివి రాసిపెట్టుకోవాలన్నది నా తపన.

ఇటీవల చూసిన ఒక పలకలో అక్షరాల గాట్ల నిండా నాచు పేరుకుని, ఇంటిపేరులో సగమూ సంవత్సరంలో చివరి అంకె కూడా కనిపించడం లేదు. సాయంత్రపు ఏటవాలు ఎండలో కొంత చదవగలిగాను. సుద్ద రుద్దడం, ఇనుప బ్రష్షుతో గీకడం రాయికి హాని చేస్తాయి కనుక వాటి జోలికి పోలేదు. రాయికి ఏ నష్టమూ లేకుండా చదివే పద్ధతి ఇంకేదైనా ఉందా?

పందొమ్మిదో శతాబ్దపు చర్చి ఖనన రిజిస్టర్లను చూడాలంటే ఎవరిని, ఏ విధంగా అడగాలి? 1766లో ఆంగ్లేయుల వశమైన కొండపల్లి కోట దగ్గర వారి శ్మశానం ఉంది కదా, అక్కడ ఫొటోలు తీయడానికి ముందస్తు అనుమతి అవసరమా? పాత ఖబరస్తాన్‌లలోని పారసీ (పర్షియన్), ఉర్దూ శాసనాలను చదివి చెప్పగల పెద్దలు విజయవాడలో గాని గుంటూరులో గాని ఉంటే, వారిని కలిసే మార్గం దయచేసి తెలియజేయగలరు.